మార్పు మూడు లైన్లు, డిఫ్ మూడు వందలు

మార్చింది మూడు లైన్లే. మార్పుని కలపమని పంపే పుల్ రిక్వెస్టు తెరిస్తే, పాత కొత్త కోడ్‌ల తేడా చూపే డిఫ్‌లో ఫైలంతా ఎరుపూ పచ్చా! అసలు మార్పు ఎక్కడుందో రివ్యూ చేసేవాళ్లు వెతుక్కోవాలా?

కోడ్‌ని ఒకే తీరుగా సర్దే టూల్ ప్రెటియర్‌ని ప్రాజెక్టులో ఇన్‌స్టాల్ చేయకపోతే వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ తనతో వచ్చిన వెర్షన్‌నే వాడేస్తుంది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వెర్షన్, ఒక్కో ఫార్మాటింగ్. డెవ్ డిపెండెన్సీగా (కోడ్ రాసేటప్పుడు మాత్రమే కావలసిన ప్యాకేజీగా), సేవ్-ఎగ్జాక్ట్‌తో ఒకే వెర్షన్ బిగించడానికి ఒక్క కమాండ్ చాలు. అదీ చేయరు.

ఇంకా విసిగించేది లైను చివర కనబడని అక్షరం. విండోస్‌లో గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఆటోసీఆర్ఎల్ఎఫ్ సెట్టింగు ట్రూగా ఉంటే, ఫైళ్లు చెకౌట్ చేసినప్పుడు లైను ముగింపు గుర్తు ఎల్ఎఫ్ కాస్తా విండోస్ తరహా సీఆర్ఎల్ఎఫ్ అవుతుంది. 2020లో వచ్చిన ప్రెటియర్ 2.0 నుంచి లైను ముగింపుకి డిఫాల్టు ఎల్ఎఫ్. ఇంకేముంది, ముట్టుకోని ఫైళ్లు కూడా ప్రెటియర్ చెక్‌లో ఫెయిల్. ప్రెటియర్‌లో ఎండ్-ఆఫ్-లైన్ సెట్టింగుని ఆటో చేసి చేతులు దులుపుకుంటే రోగం అలాగే ఉంటుంది. గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లో టెక్స్ట్ ఆటో, ఈఓఎల్ ఎల్ఎఫ్ అని రాసి, రీనార్మలైజ్‌తో ఒకసారి గిట్ యాడ్ చేయండి.

మొత్తం కోడ్‌ని ఫార్మాట్ చేసే కమిట్ దయచేసి విడిగా పెట్టండి. దాని హ్యాష్‌ని (కమిట్ గుర్తింపు కోడ్‌ని) బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ ఫైల్లో చేర్చి, గిట్ కాన్ఫిగ్‌లో ఆ ఫైలు పేరు ఇవ్వండి. లేదంటే, లైను చివరిసారి ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ఏ లైను చూసినా ఫార్మాట్ చేసినవాళ్ల పేరే!