ఫోను వంచితే పాట వంగుతుందన్న మహానుభావులకు

మహారాజశ్రీ పాటలు కలిపే యాప్‌లోని సైగల వారి దివ్య సముఖానికి,

నల్లగొండ నుంచి నమస్కరించి వ్రాసుకునే విన్నపం ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. మా అక్కయ్య మాత్రం నాతో మాట్లాడడం లేదు. మీరు నా ఫోనులో, రెండో తెర మీద, ఎర్రటి బొమ్మతో క్షేమంగానే ఉన్నారని తెలుసు.

మొన్న రాత్రి మా మేనల్లుడి బరాత్ ఎలా జరిగిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మీరూ అక్కడే ఉన్నారు, నా చేతిలోనే. మాట్లాడుకున్న డీజే కుర్రవాడు బాక్సులు, జనరేటర్, ట్రాలీ అన్నీ పంపి, తాను మాత్రం ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయాడు. అతనికి వేరే ఉత్తరం రాస్తాను. అప్పుడు మా బావగారు, "ఏమయ్యా బావమరిదీ, నీ ఫోనులో ఏదో ఉంది కదా, చెయ్యి ఊపితే పాట మారుతుందని పిల్లలకు చూపించావు" అన్నారు. మీరిచ్చిన మాటా అదే. సంగీతం రాకపోయినా పరవాలేదు, చెయ్యి కదిపితే చాలని మొదటి రోజే పెద్ద అక్షరాలతో చూపించారు. నాకు సంగీతం రాదు, చెయ్యి కదులుతుంది. ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు మీరు ఎంత మర్యాదగా ఉండేవారు! ఫోనును ముందుకు వంచితే బేస్ తగ్గేది, కుడికి వంచితే రెండో పాట మెల్లగా పైకి వచ్చేది, ఒకసారి ఊపితే అన్నీ మామూలయ్యేవి. మిమ్మల్ని తయారు చేసినవారూ అలాంటి కుర్చీలోనే కూర్చుని ఉంటారు. బరాత్ అంటే ఏమిటో వారికి ఎవరైనా చెప్పారా? అందులో ఎవరూ కూర్చోరు. నడిచేవాడు కూడా తిన్నగా నడవడు. ఒకరు భుజం పట్టి లాగుతారు, ఒకరు సోడా సీసా అందిస్తారు, ఒకరు మెడలో తువ్వాలు వేసి గిరగిరా తిప్పుతారు. రామగిరి దాటగానే ఉన్న మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే మీ నిజరూపం బయటపడింది. నా కాలు తడబడింది, ఫోను ముందుకు వంగింది, బేస్ పోయింది. "మామా, బేస్ పోయింది!" అని పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. తీన్‌మార్‌లో బేస్ తీసేస్తే మిగిలేది వంటింట్లో గిన్నెల మీద గరిటె చప్పుడే.

అక్కడితో ఆగినా మిమ్మల్ని క్షమించేవాణ్ణి. క్లాక్ టవర్ సెంటర్ దగ్గరికి వచ్చేసరికి మా పెద్దమ్మ, ఏళ్ళుగా మోకాళ్ళ నొప్పితో పెళ్ళిళ్ళన్నీ కుర్చీలోంచే చూసే మనిషి, చీర కొంగు నడుముకు దోపుకుని మధ్యలోకి వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి ఒక అడుగు వేసింది. జనం ఈలలు. ఆ సంతోషంలో నేనూ చెయ్యి ఎత్తాను. ఫోను ఉన్న చెయ్యి. అంతే, తీన్‌మార్ మాయమైంది. దాని జాగాలో, అంత పెద్ద బాక్సుల్లోంచి, సాయంత్రం మండపంలో వేసిన అప్పగింతల పాట మొదలైంది. పాట అయిపోయినా రెండో వైపు నుంచి దాన్ని దించకుండా అట్టిపెట్టడం మీకు అలవాటు కదా! పెద్దమ్మ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. సాగనంపడానికి అక్కడిదాకా వచ్చిన పెళ్ళికూతురి తల్లి, గంట క్రితం ఆగిన ఏడుపును మళ్ళీ అందుకుంది. ఆవిడను చూసి పెళ్ళికూతురు, కూతురిని చూసి తండ్రి. మామూలుగా చేద్దామని ఫోను ఊపాను. ఆ ఊపును మీరు ఇంకేదో అనుకుని, అదే పాటకు ప్రతిధ్వని జోడించారు.

అయ్యా, నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఫోనులో కదలికను కొలిచే యాక్సెలరోమీటర్‌కు భూమి లాగే లాగుడూ నా చేతి ఊపూ కలిసే అందుతాయి. వాటిని విడదీయడానికి, ఫోను ఎటు తిరిగిందో కొలిచే గైరోస్కోప్ సాయం పడుతుంది, నిజమే. కానీ నేను పాట మార్చాలని చెయ్యి ఎత్తానా, పెద్దమ్మను చూసి ఎత్తానా అన్నది ఏ సెన్సార్ చెబుతుంది? దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. తెర మూల మీద బొటనవేలు ఆనించి ఉంచినంతసేపే వంపును లెక్కలోకి తీసుకోవాలి. వేలు తీస్తే ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. ఈ పని తెలిసినవాళ్ళు దాన్ని క్లచ్ అనే పిలుస్తారు. దానితోపాటు కొద్దిపాటి వణుకును పట్టించుకోకుండా వదిలేసేంత ఓర్పు ఉండాలి. మీకు ఆ రెండూ లేవు. ఎప్పుడూ వింటూనే ఉంటారు, ప్రతి కదలికనూ ఆజ్ఞ అనుకుంటారు. వినయం ఎక్కువైతే ఇదే బాధ.

మిగతావి పెద్దగా పట్టించుకోను. రెండు వేళ్ళతో ఏమిటో, మూడు వేళ్ళతో ఏమిటో మొదటి రోజు ఒక్కసారి చూపించి, ఆ పాఠాన్ని మళ్ళీ దొరకని చోట దాచారు. చేతికి చెమట పడితే మీకు వేలు ఏదో, చుక్క ఏదో తెలియదు. బ్లూటూత్‌లో నేను ఇప్పుడు కదిపింది బాక్సుల్లో కాసేపయ్యాక వినిపిస్తుంది. ఆ కాస్త సెకనులో పదో వంతో ఐదో వంతో కావచ్చు, కానీ కొత్తవాడు పని కాలేదనుకుని ఇంకొంచెం వంచేస్తాడు. ఇక రెండు పాటల వేగం కలిపే మీ బొత్తాం! చేత్తో కొట్టిన డప్పు వేగాన్ని సరిగ్గా రెట్టింపుగా లెక్కపెట్టి, ఆ లెక్కకు సరిపోయేలా రెండో పాటను పరుగెత్తించింది. దానికి నా దగ్గర మాటల్లేవు.

మీ వంశచరిత్ర కాస్త చదివాను. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ అనే కుర్రవాడు తన చెల్లెలి పార్టీలో పాటలు వేశాడు. హిప్ హాప్ ఆ రాత్రే పుట్టిందంటారు. అతను చెల్లెలి కోసం, నేను అక్క కోసం, బాధ్యత ఒకటే. కానీ అతని చేతి కింద రికార్డు ఉంది, అది తిరుగుతున్న సంగతి వేలికి తెలుస్తుంది. తాకకుండా వాయించే వాద్యమూ లోకంలో లేకపోలేదు. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ థెరమిన్ తయారు చేశాడు, ఆయన పేరే దానికీ ఉంది. గాలిలో చేతులు ఆడించాలి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అందుకే నేర్చుకోవడానికి అతి కష్టమైన వాద్యాల్లో ఒకటిగా మిగిలింది. వాయించేవారు ఒళ్ళు కదలకుండా నిలబడతారు, కదిలితే స్వరం జారుతుంది. మీరు ఆ విద్యను, అదీ కొత్తవాళ్ళ కోసమని చెప్పి, బరాత్‌కు తెచ్చారు.

పక్కనే పాలమూరు సీమలో పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనం. ఆ వాద్యంతో దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కథ చెబుతూ, జనం కళ్ళలోకి చూస్తూ వాయిస్తారు. మెట్టు ఎక్కడుందో వేలే వెతుక్కుంటుంది. మీ గాజు పలక మీద ఒక్క మెట్టు లేదు. కళ్ళు తెర మీద పెట్టాలి, చెయ్యి గాలిలో ఉండాలి, కాలు స్పీడ్ బ్రేకర్ చూసుకోవాలి. ఇది సులువట!

సిగ్గు లేదా మీకు? రెండు ఇళ్ళ వాళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న ఒక్క రాత్రి అది. రాత్రి పదయితే బాక్సులు కట్టేయాలని చట్టం, ఉన్నదే కాస్త సమయం. ఆ సమయంలో సగం జనం నా మొహం చూస్తూ నిలబడ్డారు. పెద్దమ్మ మళ్ళీ లేవలేదు. ఎంత బతిమాలినా, "వద్దులేరా, నీ ఫోనుకు నేను గిట్టడం లేదు" అంది.

ఒక్క సంగతి దాచితే అన్యాయం. చివర్లో విసుగొచ్చి ఫోనును ట్రాలీ చెక్క మీద పడుకోబెట్టాను. వంచడానికి లేదు, ఊపడానికి లేదు. తెర కింది భాగంలో ఉన్న క్రాస్‌ఫేడర్‌ను, అంటే ఒక పాటను తగ్గిస్తూ ఇంకో పాటను పెంచే మీటను, ఒక్క వేలితో మెల్లగా జరిపాను. ఒక తీన్‌మార్ ఇంకో తీన్‌మార్‌లోకి దిగిపోయింది. ఆడేవాళ్ళలో ఒక్కరూ ఆగలేదు, ఒక్కరూ నా వైపు చూడలేదు. ఆ క్షణంలో మీ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. అదే ఊపులో తిరిగి మొదటి వైపుకు తేబోయి వేలు తెర అంచుకు తగిలింది. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుంచి అంచు మీంచి లోపలికి గీస్తే వెనక్కి పోవడమని అర్థం. వెనక్కి పోయాం. మీరు మూతపడ్డారు, తెరిస్తే ప్రకటన. దాన్ని మూసే గుర్తు ఎక్కడుందో వెతికేలోపు పది కొట్టింది.

మాఘంలో మా బావగారి తమ్ముడి కూతురి పెళ్ళి. డప్పుల వాళ్ళకు నిన్ననే బయానా ఇచ్చారు, నన్ను అడగనైనా లేదు. మిమ్మల్ని మాత్రం ఫోనులోంచి ఇంకా తీసెయ్యలేదు, ఆ ఒక్క కలయిక మొహం చూసి. బొటనవేలికి ఆ క్లచ్ పెట్టండి, క్రాస్‌ఫేడర్‌ను అంచు నుంచి కాస్త లోపలికి జరపండి. ఈ రెండూ చేసిన రోజున కబురు పంపండి, పెద్దమ్మను నేను ఒప్పిస్తాను.

ఇట్లు,
ఫోను ఉన్న చెయ్యి ఎత్తిన మేనమామ