నాలుగు మ్యాచుల మహానుభావులకు శాలువా సన్మానం

నలుగురు ఫుట్‌బాల్ అభిమానులు ఒక టేబుల్ దగ్గర చేరారంటే రెండో టీ వచ్చేలోగా ఎవడో ఒకడు ఆ ప్రశ్న వేసి తీరతాడు. "అన్నా, డెల్ పియరో మన ఢిల్లీకి ఆడాడు, గుర్తుందా?" ఇటలీ ప్రపంచకప్ వీరుడు మరి. అంతే, మిగతా ముగ్గురి ముఖాల్లో భక్తి పొంగుతుంది. ఒకడు "ఫ్రాన్స్ త్రెజెగే, పుణె" అంటాడు. ఇంకొకడు "అదే ఫ్రాన్స్ పిరెస్, గోవా" అని నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు వింటే పాపం రాబర్ట్ పిరెస్ గోవాలో ఆస్తులన్నీ పోగొట్టుకున్నాడేమో అనిపిస్తుంది. ఆయనకేం నష్టం రాలేదు. ఎనిమిది మ్యాచులు ఆడాడు, ఒక గోల్ కొట్టాడు, కోల్‌కతా కోచ్ హబాస్‌తో స్టేడియం సొరంగంలో (ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే దారిలో) గొడవపడి నిషేధం తెచ్చుకున్నాడు, సీజన్ అయ్యాక ఇంటికెళ్ళాడు.

ఈ జబ్బు 2014 అక్టోబర్‌లో అంటుకుంది. ఇండియన్ సూపర్ లీగ్ అని కొత్త దుకాణం తెరిచారు. ప్రతి జట్టుకూ ఒక మార్క్యూ ఆటగాడు ఉండాలన్నారు. ఆ ఉద్యోగానికి అర్హతలు రెండే: పోస్టర్ మీద ముఖం చూడగానే జనం గుర్తుపట్టాలి, మోకాళ్ళ సంగతి ఎవరూ అడక్కూడదు. డెల్ పియరోకు ఆ సీజన్ మధ్యలోనే 40 నిండాయి. ఢిల్లీ డైనమోస్‌కు పది మ్యాచులు ఆడి ఒక గోల్ కొట్టాడు, అదీ ఫ్రీ కిక్. త్రెజెగే 9 మ్యాచులకు 2 కొట్టాడు. ముంబై వాళ్ళు తెచ్చుకున్నది ఫ్రెడ్డీ యుంగ్‌బెర్గ్‌ను. 2003-04లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఆర్సెనల్ జట్టు మనిషి. 2012లోనే బూట్లు విప్పేసి హాయిగా ఉన్నవాణ్ణి లేపి తీసుకొస్తే నాలుగు మ్యాచులు ఆడాడు. గోల్స్ సున్నా.

ఇక్కడే అభిమాన శాస్త్రంలోని మూలసూత్రం బయటపడుతుంది. ఆడిన మ్యాచులు ఎంత తక్కువైతే జ్ఞాపకం అంత గాఢంగా ఉంటుంది. పదమూడు మ్యాచులు ఆడినవాడిది మామూలు జ్ఞాపకం. నాలుగు ఆడినవాడిది పవిత్ర జ్ఞాపకం. ఇంత పవిత్రమైనదాన్ని టీ కప్పుల మధ్య వదిలేయడం మర్యాద కాదు గనక, ఏటా అక్టోబర్‌లో యుంగ్‌బెర్గ్ సంస్మరణ సభ జరపాలని ప్రతిపాదిస్తున్నాను. ఆయన క్షేమంగానే ఉన్నారు, నిండు నూరేళ్ళూ ఉండాలి. మన దగ్గర సంస్మరణకు మనిషి పోవాలన్న నియమం ఎప్పుడూ లేదు.

ఆహ్వాన పత్రికలో సాయంత్రం అయిదు గంటలకు అని వేస్తాం, ఏడున్నరకు మొదలుపెడతాం. వేదిక మీద పదకొండు కుర్చీలు, జట్టుకు చిహ్నంగా. కూర్చునేది పద్నాలుగుమంది, సబ్‌స్టిట్యూట్లతో కలిపి. ఫ్లెక్సీ మీద యుంగ్‌బెర్గ్ ఫొటో చిన్నగా, ఫ్లెక్సీ వేయించినాయన ఫొటో పెద్దగా. అగ్గిపుల్లలు మూడు ఆరిపోయాక జ్యోతి వెలుగుతుంది. అధ్యక్షులవారు మైకు అందుకుని "ఎక్కడి స్వీడన్, ఎక్కడి నవీ ముంబై!" అని గద్గద స్వరంతో ఎత్తుకుంటారు. ఆ తర్వాత ముప్పావుగంట సేపు తాము ఏడో తరగతిలో రబ్బరు బంతితో హెడ్మాస్టరు గారి కిటికీ పగలగొట్టిన వైనం చెబుతారు. ప్రధాన వక్త ప్రత్యక్ష సాక్షి. వార్మప్‌లో యుంగ్‌బెర్గ్ తొడ పట్టుకున్న క్షణాన్ని ఆయన ఇరవై నిమిషాలు వర్ణించేసరికి ముందు వరుసలో కళ్ళజోళ్ళు తీసి తుడుచుకోవడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి ఎవరో లేచి "కుడి తొడా, ఎడమ తొడా?" అంటారు.

సభ రెండుగా చీలిపోతుంది. కుడి వర్గం దగ్గర పేపర్ కటింగ్ ఉంది. ఎడమ వర్గం దగ్గర బావమరిది ఉన్నాడు, ఆ రోజు స్టాండ్‌లో సమోసాలు తింటూ కళ్ళారా చూశాడు. ఒకరినొకరు "నువ్వు అసలు ఫుట్‌బాల్ అభిమానివేనా" అనుకునేదాకా వస్తుంది. గౌరవాధ్యక్షులు లేచి, ఇలాంటి పుణ్య సమయంలో తగాదాలు వద్దు, పిక్క అని సరిపెట్టుకుందాం అని తీర్మానం ప్రవేశపెడితే చప్పట్లతో ఆమోదిస్తారు. తరువాత ఆత్మీయ అతిథి. ఈయనకు యుంగ్‌బెర్గ్ ఆటకంటే ఆయన మోడలింగ్ చేసిన లోదుస్తుల ప్రకటనలు బాగా గుర్తు. "నేటికీ నేను అదే కంపెనీవి..." అని ప్యాంటు బెల్టు మీద చెయ్యి వేస్తుండగా సమయాభావం చీటీ అందుతుంది.

అందరూ పులిహోర పొట్లాల వైపు చూస్తున్నప్పుడు చివరి వరుసలోంచి ఒక పెద్దాయన లేస్తారు. "నాకు యుంగ్‌బెర్గ్ తెలీదు బాబూ. నాది గుడ్యాన్సన్." సభ నిశ్శబ్దం. ఐదుర్ గుడ్యాన్సన్, ఐస్‌లాండ్ వీరుడు, చెల్సీకీ బార్సిలోనాకూ ఆడినవాడు. 2016లో పుణె ఆయన్ను మార్క్యూగా తెచ్చుకుంది. సీజన్ మొదలవకముందే గాయపడి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు. "మీరంతా ఆడినవాళ్ళను తలుచుకుంటున్నారు," అంటారు పెద్దాయన, "ఆడనివాణ్ణి తలుచుకోవడం నేర్చుకోండి." నాలుగు మ్యాచుల భక్తులు సిగ్గుతో తల దించుకుంటారు. తెచ్చిన శాలువాలన్నీ ఆయనకే కప్పుతారు. ఉక్కపోతకు పెద్దాయన సొమ్మసిల్లుతారు. వందన సమర్పణ.

వచ్చిన ఆ వయసు మళ్ళిన ఆటగాళ్ళ మీద నాకే కోపమూ లేదు. పిలిచారు, వచ్చారు. ఉరుగ్వే దియెగో ఫోర్లాన్ 37 ఏళ్ళ వయసులో ముంబైకి వచ్చి కేరళ మీద హ్యాట్రిక్ కొట్టాడు, ఆ మ్యాచ్ 5-0. కేరళకు 9 మ్యాచులు ఆడి ఒక గోల్ కొట్టిన బల్గేరియా బెర్బతోవ్, పోతూ పోతూ కోచ్ పేరెత్తకుండానే ఆయన వ్యూహాలను ఇన్‌స్టాగ్రామ్‌లో ఉతికి ఆరేశాడు. అదీ ఒక సేవే. నా బాధంతా తలుచుకునేవాళ్ళతో.

ఎందుకంటే, నిజంగా ఆడిన ముసలివాణ్ణి వీళ్ళు తలుచుకోరు. బార్తలోమ్యు ఒగ్బెచె. 2002 ప్రపంచకప్‌లో నైజీరియాకు ఆడినవాడు, ఒకప్పుడు పారిస్ సాంజెర్మాకు ఆడినవాడు. 37 ఏళ్ళ వయసులో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఒక్క సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్ళాడు. టీ బల్ల దగ్గర ఆయన పేరు రాదు. ఆయన చేసిన తప్పల్లా వచ్చిన పని చెయ్యడం. నిట్టూర్చడానికి మనకేమీ మిగల్చలేదు.

2014 లీగ్ ఫైనల్ అడగండి, గెలిచిన కోల్‌కతా మార్క్యూ ఆటగాడు లూయిస్ గార్సియా అంటారు. ఆ రాత్రి డీవై పాటిల్ స్టేడియంలో 90 నిమిషాలు దాటి ఇంజురీ టైమ్ నడుస్తుండగా వచ్చిన ఏకైక గోల్ తలతో కొట్టింది బెంగాలీ కుర్రాడు మహమ్మద్ రఫీక్. కప్పు తెచ్చింది రఫీక్, గుర్తుందా అనిపించుకునేది గార్సియా.

అసలు "కొద్దికాలం ఆడి వెళ్ళాడు" అంటున్నారే, ఎవరిది కొద్దికాలం? డెల్ పియరో ఆడిన ఢిల్లీ డైనమోస్ 2019లో మూటాముల్లె సర్దుకుని భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. త్రెజెగే ఆడిన పుణె అదే ఏడాది మూతపడింది. దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఆ హైదరాబాద్ 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పేరుతో ఢిల్లీ వెళ్ళిపోయింది. అంటే రేపు డెల్ పియరో సరదాగా ఢిల్లీ వచ్చి తన పాత క్లబ్బు చూపించమంటే, పాత మిత్రుడు త్రెజెగే క్లబ్బు స్థానంలో పుట్టినదాన్ని చూపించాలి. తనది చూడాలంటే భువనేశ్వర్ టికెట్ కొనాలి. గార్సియా క్లబ్బు పేరు మార్చుకుని చివరికి మోహన్ బగాన్‌లో కలిసింది. 2025 జూలైలో నిర్వాహకులు ఏకంగా రాబోయే సీజన్‌నే పక్కన పెట్టారు. ఈ మొత్తం వ్యవహారంలో యుంగ్‌బెర్గ్ నాలుగు మ్యాచులే కాస్త నిలకడగా కనిపిస్తున్నాయి.

హైదరాబాద్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రావడం లేదు. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా, లీగ్ ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 1-1. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. కరోనా వల్ల సీజన్ మొత్తం గోవాలోనే, గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. సొంత ఊళ్ళో ఆడకుండానే ఛాంపియన్లయిన జట్టది. రెండేళ్ళకల్లా ఏం చేశారు దాన్ని? జీతాలివ్వలేదు. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. మిగిలిన కుర్రాళ్ళను పట్టుకొచ్చి మైదానంలోకి తోశారు. 2023-24లో ఆ పిల్లలు 22 మ్యాచులాడి ఒక్కటి గెలిచారు, చివరి స్థానం. వారం వారం ఓడిపోతామని తెలిసీ బూట్లు కట్టుకుని వచ్చారే, వాళ్ళలో ఒక్కడి పేరు చెప్పండి. ఒక్కడిది! డెల్ పియరో ఫ్రీ కిక్ ఎన్ని గజాలనుంచి కొట్టాడో చెప్పేవాళ్ళకు ఆ కుర్రాళ్ళెవరో తెలీదు. జట్టు ఊరు దాటిపోతుంటే వీళ్ళు స్టేషన్ దాకా కూడా రాలేదు.

ఇది ఫుట్‌బాల్ తెలియని ఊరా అంటే, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ అనే పాత పేరున్న టోర్నమెంట్ గెలిచిన ఊరు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో పోయేదాకా ఆయనకు ఒక పద్మశ్రీ ఇవ్వడానికి ఈ దేశానికి తీరిక దొరకలేదు.

పోనీ, ఆటకు సెలవు చెప్పబోతున్న మహా స్టార్ మన గడ్డ మీద ఆడిన కథే కావాలంటారా? అదీ ఉంది. 1977 సెప్టెంబర్ 24, ఈడెన్ గార్డెన్స్. న్యూయార్క్ కాస్మోస్ జెర్సీలో పెలే, ఇంకో వారానికి ఆటకు సెలవు. మోహన్ బగాన్‌తో మ్యాచ్ 2-2. మోహన్ బగాన్ గోల్స్ రెండిట్లో ఒకటి కొట్టింది మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్. 2023 ఆగస్టు 15న ఇదే హైదరాబాద్‌లో కన్నుమూశాడు. యుంగ్‌బెర్గ్ పట్టుకున్నది ఏ తొడో తెలిసిన పండితుల్లో, హబీబ్ ఆ గోల్ కాలితో కొట్టాడో తలతో కొట్టాడో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరైనా ఉంటే చెయ్యెత్తండి.