మూడు టిక్కుల మెసేజ్ నమ్మి మా పిన్ని రెండు రోజులు నోరు విప్పలేదు

"రేపటి నుంచి కొత్త చట్టం. జాతీయ సైబర్ భద్రతా సంస్థ మీ కాల్స్ అన్నీ రికార్డు చేస్తుంది, వాట్సాప్ చదువుతుంది. మూడు నీలి టిక్కులు కనబడితే సర్కారు చూసినట్టే. వారంట్ లేకుండా అరెస్టు చేస్తారు." ఒడిశాలోని పర్లాకిమిడిలో మా చుట్టాల గ్రూపులన్నింటిలో ఇదే తిరుగుతోంది. ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు.

కొత్త చట్టమేమీ రాలేదు. ఆ సంస్థ పేరు సెర్ట్-ఇన్, 2004 నుంచి పనిచేస్తోంది. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో ఈ సంస్థ బాధ్యతలు చెప్పే 70బి సెక్షన్ వచ్చింది. అది 2009 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది.

కాల్స్ వినడం దాని పని కాదు. కంప్యూటర్ వ్యవస్థల మీద దాడులను గుర్తించడం, హెచ్చరించడం, నష్టం పాకకుండా చూడడం దాని బాధ్యత. 2022 ఏప్రిల్‌లో అది ఇచ్చిన ఆదేశాలు కూడా ముఖ్యంగా కంపెనీలకూ సంస్థలకూ సంబంధించినవే: దాడి జరిగితే 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు (కంప్యూటర్లలో ఎప్పుడేం జరిగిందో చెప్పే నమోదులు) 180 రోజులు దాచాలి. సందేశాల మీద నిఘాకు అదే చట్టంలో 69వ సెక్షన్ వేరే ఉంది. 2018 డిసెంబర్‌లో కేంద్రం ఆ అధికారమిచ్చిన 10 సంస్థల జాబితాలో సెర్ట్-ఇన్ లేదు. 2023 నవంబర్‌లో దాన్ని సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. అది నాకు నచ్చలేదు, దాన్ని గట్టిగా అడగాల్సిందే. అడగడం వేరు, లేని భయం పుట్టించడం వేరు.

మూడు టిక్కులు వాట్సాప్‌లో లేనే లేవు.

ఇక అరెస్టు. సెర్ట్-ఇన్ పోలీసు శాఖ కాదు, ఎవరినీ అరెస్టు చేయదు. ఫోన్లో "డిజిటల్ అరెస్టు" అని బెదిరించేవాడు దొంగ. మా పిన్ని ఖాతా నుంచి 18 వేలు పోయినప్పుడు ఆవిడ రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నా ఫోనంతా ఆళ్లు సూస్తారట కదా బాబూ, మళ్లీ నానే ఫోన్ చేసి చెప్పడమేటి?" అంది. నాకు కడుపు రగిలిపోయింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెబితే బ్యాంకులు ఆ డబ్బు ఆపే వీలుంటుంది. ఆలస్యమైతే అది నాలుగైదు ఖాతాలు మారిపోతుంది. ఈ మెసేజ్ పంపినవాళ్లు పిన్నిలాంటి వాళ్ల చేత ఆ గంటలు పోగొట్టిస్తున్నారు.

మనలో చాలామంది ఉండేది ఒడిశాలో, సిమ్ సరిహద్దు దాటి పాతపట్నంలో కొన్నది, ఖాతా ఆంధ్రాలోది. "మా పరిధి కాదు" అని ఠాణాలో అంటారేమోనని జంకొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 1930 దేశమంతటికీ ఒకటే నంబర్.