ఎంతిస్తుందండీ?

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పూర్వం గేదెను కొన్నవారిని ఊరంతా అడిగే ప్రశ్న ఒక్కటే ఉండేది: "ఎంతిస్తుంది?" ఇప్పుడు కారు కొన్నవారిని కూడా అదే మాటతో, అదే ఆదుర్దాతో అడుగుతున్నారు. గేదె విషయంలో ఆ ప్రశ్నకు అర్థముంది, ఎందుకంటే అది గడ్డి తిని పాలిస్తుంది. కారు తాగుతుందే గాని ఇవ్వదు. నెలకు ఇన్ని లీటర్లు తాగుతుందని బాధపడవలసిన వస్తువును గురించి లీటరుకు ఇంత ఇస్తుందని పొంగిపోవడంలో మన భాష చూపిన ఔదార్యం సామాన్యమైనది కాదు. తాగి వచ్చే మొగుణ్ణి గురించి "ఎంతైనా జీతం తెచ్చి చేతికిస్తాడు" అని ఇరుగుపొరుగులకు చెప్పుకునే ఇల్లాలి ఔదార్యం అది.

ఈ ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు దొరికే చిన్న కారు కోసం నేను విజయవాడలో రెండేళ్ళ పాటు వెతికాను. ఆ రెండేళ్ళలో బందరు రోడ్డు మీదా, ఏలూరు రోడ్డు మీదా ఉన్న షోరూములన్నింటికీ నా పాత స్కూటరు మీద ఎన్నిసార్లు తిరిగానో, అందుకు ఎంత పెట్రోలు పోశానో లెక్క రాయలేదు. పొదుపు కోసం చేసే ఖర్చును ఖర్చుగా రాయకపోవడం మా ఇంటి ఆచారం.

తెనాలి దగ్గర పల్లెలో ఉండిన మా తాతగారిని ఇక్కడ తలుచుకోక తప్పదు. ఆయన గేదెను బేరమాడడానికి వెళ్తే రెండు పూటలు అక్కడే ఉండి, తన కళ్ళ ఎదుట పితికించి, చెంబుతో కొలిపించుకుంటే గాని బయానా ఇచ్చేవారు కారు. సంతకు తోలే ముందు ఒక పూట పితకకుండా వదిలేసి పొదుగు నిండుగా కనిపించేటట్లు చేసే విద్య అమ్మేవాళ్ళకు వెన్నతో పెట్టినదని ఆయనకు తెలుసు. అందువల్ల మొదటి పూట పాలను చూసి మెచ్చుకొని ఊరుకునేవారు, రెండో పూట పాలను కొలిచేవారు. అంతటివాడికి మనవడినైన నేను, ఆరు లక్షలకు పైబడిన వస్తువును బెంజిసర్కిల్ చుట్టుపక్కల మూడు కిలోమీటర్లు తోలి చూసి కొన్నాను. అదైనా పక్క సీటులో కూర్చున్న సేల్సు కుర్రవాడు "సౌండు వినండి సార్, అసలు లేదు కదా" అని అడుగుతూ ఉండగా, వెనక వచ్చే ఆటోల హారన్ల మధ్య, లేని సౌండును శ్రద్ధగా విని తల ఊపాను.

కారుకు మొదటి పూట పాలు పితకడం ప్రయోగశాలలో జరుగుతుంది. పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు కారును రోలర్ల మీదికి ఎక్కించి, చక్రాలు తిరుగుతూ ఉండగా కారు మాత్రం ఉన్నచోటనే ఉండేటట్లు చేసి, ఒక నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ తగ్గిస్తూ పరీక్షిస్తాయి. పరీక్ష మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కొంచెం తక్కువ. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఏసీ ఆపే ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు, అన్ని కార్లకూ ఒకే పరీక్ష పెడితేనే ఒకదానితో ఒకటి పోల్చి చూడవచ్చు. కాని ఆ రోలర్ల మీద రామవరప్పాడు రింగు లేదు. అడ్డంగా వచ్చి ఆలోచనలో పడే ఆవు లేదు. వెనక సీటులో మా అత్తగారు, ఆమె కాళ్ళ దగ్గర ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తా, ఒళ్ళో ఆవకాయ జాడీ లేవు. దూడను విడిచి, కుడితి పెట్టి, మెడ నిమిరితే ఏ గేదె అయినా చేపుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, బ్లేజువాడ అని పేరు మోసిన ఊళ్ళో, ఏసీని నాలుగో నంబరు మీద పెట్టి, ఎర్ర దీపం ముందు ఇంజను ఆపకుండా నిలబడినప్పుడు చేపడం వేరు. ఏసీ కంప్రెసరును తిప్పేది కూడా ఆ ఇంజనే. బండి నిలబడి ఉన్నంతసేపూ పెట్రోలు కాలుతూనే ఉంటుంది, కిలోమీటరు మాత్రం ఒక్కటీ పెరగదు. సున్నను సున్న కాని దేనితో భాగించినా సున్నే వస్తుందని మా ఆవిడ ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేటప్పుడు చెబుతుంది.

బడ్జెట్టు సంగతికి వస్తే, నేను అయిదు లక్షలని పలక మీద రాసుకొని బయలుదేరాను. 2025 సెప్టెంబరు 22 నుంచి, పెట్రోలు ఇంజను 1200 సీసీకీ, పొడవు నాలుగు మీటర్లకూ మించని కార్ల మీద అంతవరకూ 28 శాతం జీఎస్టీ, ఆపైన సెస్సు ఉన్నవి కాస్తా 18 శాతానికి దిగివచ్చినప్పుడు, ప్రభుత్వం టేపు పట్టుకొని స్వయంగా నా కారునే కొలిచినంత ఆనందం కలిగింది. అయితే తగ్గిన ఆ డబ్బు నా జేబులో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయలేదు. "ఇంకొక్క ముప్పై వేలు వేసుకుంటే పై మోడలు వస్తుంది సార్" అన్నారు. అది వేసుకున్నాక తెలిసింది, ఇంకొక్క నలభై వేలకు దాని పై మోడలు ఉందట. షోరూము ధర అని రాసినది కేవలం శుభలేఖ లాంటిదనీ, అసలు పెళ్ళి ఖర్చు వేరే కాగితం మీద ఉంటుందనీ అప్పుడే అర్థమయింది. జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను, 2018 నుంచి కొత్త కారుకు మూడేళ్ళకు ఒకేసారి కట్టి తీరవలసిన థర్డ్ పార్టీ బీమా ఉన్నాయి సరే. వాటి కింద చిన్న అక్షరాలతో మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, డాష్‌బోర్డు మీద పెట్టే సెంటు బుడ్డి కలిసి ఒక "కిట్టు"గా వెలిశాయి. నాకు సెంటు పడదని చెప్పాను. కిట్టును విడదీయడానికి సిస్టం ఒప్పుకోదని ఆ కుర్రవాడు నిజంగానే బాధపడ్డాడు.

చివరకు రెండు కార్లు మిగిలాయి. ఒకటి కాగితం మీద లీటరుకు 20 ఇస్తుంది, రెండోది 24 ఇస్తుంది. రెండోదాని ధర అరవై వేలు ఎక్కువ. మా ఆవిడ కాగితం తీసుకొని, మేము నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతామనీ, మొదటి కారుకు 25 లీటర్లు, రెండోదానికి 21 లీటర్ల లోపు పడుతుందనీ, మన ఊళ్ళో లీటరు 110 రూపాయల చుట్టూ ఉంది గనుక నెలకు మిగిలేది సుమారు 460 రూపాయలనీ తేల్చింది. ఆ లెక్కన అరవై వేలు రాబట్టుకోవడానికి దాదాపు పదకొండేళ్ళు పడుతుంది. కారు అప్పు ఏడేళ్ళలో తీరుతుంది కాబట్టి, అది తీరిన తరవాత కూడా నాలుగేళ్ళు పొదుపు చేస్తూ నష్టపోవచ్చునని ఆమె సౌమ్యంగా వివరించింది.

నేను రెండోదే కొన్నాను. ఆమె లెక్కలో తప్పు లేదు, కాని లెక్కల పుస్తకంలో తోడల్లుడనే అధ్యాయం ఉండదు. "ఎంతిస్తుంది?" అని గుంటూరులో ఆయన అడిగిననాడు ఇరవై అని చెప్పి తల దించుకోవడం కంటే అరవై వేలు ఇవ్వడం చవక. ఇది నా ఒక్కడి బలహీనత అనుకునేవారు నానో కారును గుర్తు చేసుకోవాలి. 2008 జనవరిలో టాటావారు దానిని ప్రపంచానికి చూపించినప్పుడు లక్ష రూపాయల కారు అని పేరు వచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి, 2018 నాటికి, తయారీ దాదాపు ఆగిపోయింది. దానికి పండితులు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. నా మట్టుకు నాకు తోచినది ఒక్కటే: దాని ధర వీధిలో పిల్లలకు కూడా తెలుసు. ఎంత పెట్టి కొన్నావో దాచుకునే వీలులేని వస్తువును మన వీధుల్లో ఎవరు నిలుపుకుంటారు? మైలేజీ అయితే అలా కాదు. అది కొడుకు ప్యాకేజీ లాంటిది, చెప్పినవాడి నోటికీ విన్నవాడి మర్యాదకూ మధ్య ఎక్కడో ఉంటుంది.

కారు ఇంటికి వచ్చింది. ఇంద్రకీలాద్రి కింద పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాము. ఆ నాలుగు నిమ్మకాయలూ పచ్చడికి పనికివచ్చేవని మా అత్తగారు అన్నారు గాని, కారు చేసిన మొదటి వృథాను నేను పట్టించుకోలేదు.

రెండో పూట పాలు కొలిచే బాధ్యతను మా ఆవిడ తీసుకుంది. పద్ధతి తేలికైనదే. బంకులో గొట్టం తనంతట తాను ఠక్కున ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరును సున్న చేసి, మామూలుగా తిరిగి, మళ్ళీ అదే బంకులో అదేవిధంగా నింపించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పోసిన లీటర్లతో భాగించాలి. "జీరో చూసుకోండి సార్" అని కుర్రవాడు అనగానే మేమిద్దరం కారు దిగి, సూర్యగ్రహణం చూసినట్లు చూశాము. గొట్టం ఆగిన తరవాత అతడు "రౌండ్ ఫిగర్ చేసేయనా సార్?" అని మళ్ళీ నొక్కబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. రౌండ్ ఫిగర్ల వల్లనే ఈ దేశంలో సత్యం మరుగున పడిందని ఆమె అభిప్రాయం. 331 కిలోమీటర్లకు 23.1 లీటర్లు పట్టింది. చిన్న చేతిపుస్తకంలో తేదీ వేసి 14.3 అని రాసి, కింద గీత గీసింది.

నేను కారును ఆటోనగరుకు తోలుకువెళ్ళాను. అక్కడి మేస్త్రి బానెట్ ఎత్తలేదు, టైరును కాలితో తన్ని చూశాడు. "గాలి చూపించి ఎన్నాళ్ళయిందండీ?" అన్నాడు. బెంజిసర్కిల్ దగ్గర నుంచి రావడానికి ఎంతసేపు పట్టిందని అడిగితే ముప్పావు గంట అన్నాను. "మరి బండేం జేస్తదండీ, తినేదంతా అక్కడే తినేసింది" అన్నాడు. గాలి కొట్టి డబ్బు తీసుకోలేదు. కంపెనీ కాగితాల మీద, షోరూములో, ఇంటర్నెట్టులో రెండేళ్ళు వెతికినా దొరకని సంగతి అది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ కలుస్తున్నదనీ, ఒక లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడో వంతు తక్కువనీ నేను అతనికి విన్నవించాను. అతడు నన్ను జాలిగా చూసి పక్క లారీ కిందికి దూరాడు.

గాలి కొట్టించిన తరవాత, హైవే మీద ఎక్కువగా తిరిగిన ట్యాంకు 18 దాకా వచ్చింది. ఆ ఉత్సాహంతోనే ఒక ఆదివారం గుంటూరుకు ప్రయాణం కట్టాము. మంగళగిరి దాటుతున్నప్పుడు కొండకేసి చూసి దండం పెట్టుకుంటుంటే నాకు జ్ఞానోదయమయింది. పానకాల స్వామి ఎంత పానకం పోసినా సగం పుచ్చుకొని సగం భక్తుడికి వదులుతాడు. కంపెనీవారు చెప్పిన 24లో నా కారు ఊళ్ళోనే నూటికి అరవై పాళ్ళు నాకు తిరిగి ఇస్తున్నది. స్వామి కంటే పది పాళ్ళు ఎక్కువ ఇచ్చే కారును నిందించడం అపచారమని తలచి, కాజ టోలు గేటు దగ్గర మనస్సును పూర్తిగా శాంతపరచుకున్నాను.

మా తోడల్లుడుగారు బ్రాడీపేటలో ఉంటారు. లైను నంబరు మీద, అడ్డరోడ్డు నంబరు కింద వేసి చిరునామాను భిన్నంలాగా రాసుకునే పేట అది. ఆయన మా కారు చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి, డోరు వేసి తీసి చప్పుడు విని, లోపలికి వచ్చి కూర్చున్నారు. మిరపకాయ బజ్జీలు వచ్చాయి. తన కారు ఊళ్ళోనే ఇరవై ఒకటి ఇస్తున్నదని ఆయన ముందుగా ప్రకటించి, ఒక బజ్జీ పూర్తిగా నమిలి మింగి, అప్పుడు అడిగారు.

"ఎంతిస్తుందోయ్ నీది?"

నేను దారి పొడుగునా సిద్ధం చేసుకున్న అంకె ఇరవై. సత్యానికి మరీ దూరం కాకుండా, మర్యాదకు మరీ లోటు రాకుండా దానిని ఎంచుకున్నాను. అయినా తీరా నోరు తెరిచేసరికి, పక్కన చేతిపుస్తకం గల సంచీని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న లెక్కల టీచరు వైపు చూసి తడబడ్డాను.

"ఇరవై రెండున్నర, బావగారూ," అంది మా ఆవిడ, సంచీ జిప్పును చివరిదాకా లాగుతూ. "ఏసీ వేసుకునే."