అరేలిస్ట్ గారికి విన్నపం

జావా ప్రోగ్రాముల్లో వస్తువుల లిస్టు దాచిపెట్టే మహారాజశ్రీ అరేలిస్ట్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనే రాయాలి గానీ, నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నా వైపు కుశలమేమీ లేదు.

నేను చేసిన పాపం ఏమిటండీ? ఆర్డర్ల లిస్టు మీద ఒక్కొక్కటే చూసే ఫర్-ఈచ్ లూప్ తిప్పుతూ, క్యాన్సిలైనవి కనిపిస్తే తీసేయమన్నాను. ప్రొడక్షన్‌లో తమరు నా మొహాన కొట్టింది కన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్. కన్‌కరెంట్! అంటే ఇంకెవరో అదే సమయంలో చెయ్యి పెట్టారనేగా? ఆ రెండో థ్రెడ్ కోసం, అంటే ప్రోగ్రాంలో పక్కనే నడిచే ఇంకో పనివాడి కోసం, మూడు గంటలు వెతికాను. కనిపించిన ప్రతి మెథడ్‌కీ ఒకసారికి ఒక్క థ్రెడ్డే రావాలనే సింక్రనైజ్డ్ తాళం తగిలించాను. తీరా చూస్తే ఉన్నది ఒక్కటే థ్రెడ్. తిప్పిందీ నేనే, తీసిందీ నేనే. ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటే దొంగలు పడ్డారని కేకలు పెట్టారు.

సరే, తప్పు నాదే. మరి టెస్టులో ఎందుకు నోరు మెదపలేదు? అక్కడ మూడు ఆర్డర్లు, మధ్యది క్యాన్సిల్. దాన్ని తీయగానే సైజు రెండయింది. తర్వాత చూడాల్సిన చోటు గుర్తుపెట్టుకునే తమరి కర్సరూ అప్పటికి రెండు దగ్గరే ఉంది. సమానమయ్యాయి కదా అని లూప్ ముగించేశారు. మూడో ఆర్డర్ వైపు కన్నెత్తి చూడలేదు! చివరి నుంచి రెండోది తీస్తే చడీచప్పుడూ ఉండదు, మిగతా ఏది తీసినా గోల. ఏమిటయ్యా ఇది? పట్టుకునేవాడివైతే ప్రతిసారీ పట్టుకో! 'వీలైనంతలో' పట్టుకుంటానని డాక్యుమెంటేషన్‌లో రాసుకోవడానికి సిగ్గనిపించలేదా?

ఇంటీజర్ల లిస్టులో ఒకటి అనే అంకెను రిమూవ్ చెయ్యమంటే ఇండెక్స్ ఒకటిలో, అంటే రెండో చోట, ఉన్నదాన్ని పీకేస్తావు, దాని సంగతి ఇప్పుడెందుకులే. జావాలోనే అరేస్ అనే క్లాసులో అచ్చం నీ పేరే పెట్టుకున్న ఇంకొకడు దాక్కున్నాడు. యాజ్‌లిస్ట్ అని పిలిస్తే వచ్చేది వాడే. కొత్తది యాడ్ చెయ్యమంటే కుదరదని, అన్‌సపోర్టెడ్ అంటాడు. వాడు నీకేమవుతాడో నువ్వే చెప్పాలి.

రిమూవ్‌ఇఫ్ అని, షరతుకు సరిపడేవన్నీ తీసేసేది ఒకటుందట, 2014లో జావా 8తోనే వచ్చిందట. ఒక్క లైను. ఆరున్నరకి అది పెట్టి ఇంటికెళ్లాను. ఎక్సెప్షన్ మెసేజీలో ఆ ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?

సోమవారం మళ్లీ నిన్నే వాడతాననుకో. లిస్టులో పది చోట్లూ నిండాక, పది విస్తళ్ల దగ్గరికి పదకొండోవాడు వస్తే, విసుక్కోకుండా పదిహేను విస్తళ్లు వేస్తావు. 1998లో జావా 1.2తో వచ్చిన దగ్గర్నుంచీ పెట్టే చేయి నీది, కాదనను. తీసేటప్పుడే నీ బుద్ధి బయటపడుతుంది.

ఇట్లు,
తమరి ఏకైక థ్రెడ్