విండోస్ ‘మీ’కి ఒక్క శాలువా కప్పలేమా?

మన దగ్గర రజతోత్సవాలకు కొదవ లేదు. పదో తరగతి గట్టెక్కి పాతికేళ్లయిందని ఒకరు, ఉద్యోగంలో చేరి పాతికేళ్లయిందని ఇంకొకరు, కాలనీ సంఘం పెట్టి పాతికేళ్లయిందని మరొకరు ఫ్లెక్సీలు కట్టించి, ఒకరికొకరు శాలువాలు కప్పుకుని, కడుపారా భోంచేసి ఇళ్లకు వెళ్తున్నారు. మంచిదే. కానీ 2025 సెప్టెంబర్ 14న, ఇళ్లలోని కంప్యూటర్లను నడిపించడానికి మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ మిలీనియం ఎడిషన్‌కు పాతికేళ్లు నిండితే మా వీధిలో ఒక్క ఫ్లెక్సీ లేవలేదు, ఒక్క కొబ్బరికాయ పగల్లేదు. ఇంతటి కృతఘ్నతను నేను సహించలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ కాలం పిల్లలకు దాని పేరు కూడా తెలియదు. ముద్దుపేరు ‘మీ’. ఇంగ్లీషు సర్వనామం పలికినట్టే పలకాలని కంపెనీ వారే చెప్పారు. ఇంగ్లీషులో అంటే ‘నన్ను’, ‘నాకు’ అని. అదే మాట తెలుగు చెవిన పడితే ఎదుటివారికిచ్చే గౌరవం. అక్కడ అహం, ఇక్కడ మర్యాద. తెర నీలంగా మారి యంత్రం కొయ్యబారినప్పుడు రెండర్థాలూ ఒక్కసారే కుదిరేవి: ఘనత నాది, కర్మ మీది. ఇంత సార్థక నామధేయం కంప్యూటర్ల చరిత్రలో ఇంకొకటి చూపించండి.

మైక్రోసాఫ్ట్ ఇంట 2000 సంవత్సరంలో ఇద్దరు కొడుకులు. ఫిబ్రవరి 17న లోకం చూసిన పెద్దవాడికి విండోస్ 2000 అని పేరు పెట్టారు. సెప్టెంబర్‌లో వచ్చిన చిన్నవాడికి విండోస్ మిలీనియం అన్నారు. రెండు పేర్లూ చెప్పేది ఆ ఏడాది సంగతే కనుక బారసాలకు వచ్చిన బంధువులు తికమకపడి ఉంటే తప్పు వారిది కాదు. పెద్దవాడిది ఎన్‌టీ అనే వేరే విండోస్ వంశం, ఆఫీసుల కోసం. చిన్నవాడు విండోస్ 95, 98ల వారసుడు, ఇళ్ల కోసం. అసలు 98తోనే ఆ వంశాన్ని ఆపేసి, ఇళ్లకు కూడా ఎన్‌టీ రక్తం పంచుకున్నవాడినే పంపాలనుకున్నారు. నెప్ట్యూన్ అని పేరు కూడా అనుకున్నారు. ఆ సంబంధం కుదరలేదు. నెప్ట్యూన్ పని కాస్తా తర్వాత విండోస్ ఎక్స్‌పీగా మారిన ప్రాజెక్టులో కలిసిపోయింది. ముహూర్తం మించిపోతోంది, పెళ్లికొడుకు ఇంకా రైలు దిగలేదు. ఏం చేస్తారు? తోడుపెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టారు. 2001 అక్టోబర్ 25న ఎక్స్‌పీ అనే అసలు వరుడు రానే వచ్చాడు. మొత్తం 13 నెలల కాపురం. దానికి పాతికేళ్లుగా తిట్లా?

తిట్టేవారు చెప్పే మొదటి కారణం, మాటిమాటికీ కూలిపోయేదని. నిజమే, నేను దాచను. ఎన్‌టీ వారిది అపార్ట్‌మెంట్ పద్ధతి. ఏ ప్రోగ్రామ్ గది దానిది, మధ్యలో గట్టి గోడలు. ఒకటి చస్తే దాని గదికి తాళం వేసి మిగిలినవి పని చూసుకుంటాయి. 95 వారిది ఉమ్మడి కుటుంబం. మెమరీలో కొన్ని వసారాలు అందరివీ. ఎవరైనా వచ్చి ఏదైనా తొక్కవచ్చు. ఎక్కడో మూల ఒక డ్రైవర్, అంటే ప్రింటర్ వంటి పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్, అలిగితే ఇంటిల్లిపాదికీ ఆ పూట పొయ్యి వెలగదు. దానికి తోడు పాత పద్ధతి డ్రైవర్లు, కొత్త పద్ధతి డ్రైవర్లు ఒకే పంక్తిలో భోజనానికి కూర్చునేవి. ఎవరి విస్తరి ఎవరు లాగారో తేలేది కాదు. ఉమ్మడి కుటుంబాలు పోతున్నాయని ప్రతి సభలోనూ కళ్లు తుడుచుకునే పెద్దలు, ఆ వ్యవస్థను చివరి దాకా నిలబెట్టిన ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఎందుకు ఈసడిస్తారో నాకు అంతుబట్టదు.

ఈ వంశానికి ఇంకో ఘనత ఉంది. 95, 98లలో మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడి 49.7 రోజులకు నిండిపోయేది, యంత్రం నిలిచిపోయేది. ఆ లోపం బయటపడడానికి ఏళ్లు పట్టింది. ఆగకుండా 49 రోజులు నడిచిన యంత్రం ముందు ఎవరికైనా దొరకాలి కదా!

రెండో అభియోగం, డాస్‌ను దాచిందని. ఆ వంశానికి మూలపురుషుడు డాస్, అంటే ఆదేశాలు టైపు చేసి కంప్యూటర్‌ను నడిపే పాత వ్యవస్థ. 98 దాకా తాతగారు వీధి అరుగు మీదే కూర్చునేవారు. పాత ఆటల కోసం పిల్లలు ఆయన దగ్గరికే వెళ్లేవారు. ‘మీ’ వచ్చి ఆయనను వెనక గదిలోకి నెట్టి తలుపు వేసి, వచ్చినవారికి తాతగారు లేరని చెప్పింది. ఉన్నారు. ఇల్లంతా ఆయన భుజాల మీదే నిలబడి ఉంది. ఫ్లాపీ డిస్కు పెట్టి యంత్రాన్ని మొదలుపెడితే ఆయనే తలుపు తీసేవారు. ఎందుకీ దొంగాట అంటే, ఆయన కాళ్లీడ్చుకుంటూ లేచేదాకా ఆగనక్కరలేదు కనుక యంత్రం త్వరగా మొదలవుతుందన్నారు. పడడం అలవాటైనవాడు త్వరగా లేవడం నేర్చుకోవాలి. ఇందులో దూరదృష్టి కనబడనివారితో నాకు వాదన లేదు.

ఇక సిస్టమ్ రీస్టోర్. యంత్రం పాడైతే అది బాగున్న రోజుకు వెనక్కి తీసుకెళ్లే ఈ సదుపాయాన్ని విండోస్‌లో మొదట పెట్టింది ‘మీ’యే. చంద్రమండలం మీద కాలు పెట్టినంత పని. కాకపోతే 2001 సెప్టెంబర్ 8 తర్వాత తీసిన నకళ్ల మీద తేదీ తప్పుగా పడేది. నకలు ఉంటుంది, అది ఎక్కడుందో రీస్టోర్‌కు తెలియదు. మొదటి పుట్టినరోజు ఇంకా ఆరు రోజులుందనగా మతిమరుపు! తర్వాత దిద్దుబాటు విడుదల చేశారనుకోండి. నన్ను నొప్పించేది వేరే విషయం. రెండేళ్ల ముందే కదా, 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే గండం పేరు చెప్పి అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని మన పిల్లలెందరో అమెరికా వెళ్లి లోకంలోని తేదీలన్నీ సరిచేసి వచ్చారు. వారు అటు సరిచేస్తుంటే ఇటు ఇంకొకటి తయారైంది. మన చేతికి పని అందకుండా పోకూడదన్న ఔదార్యంగానే దీన్ని నేను తీసుకుంటాను. పైగా వైరస్ చొరబడితే దానికీ ఒక నకలు తీసి, యాంటీవైరస్ చెయ్యి పడని చోట భద్రంగా దాచేది. శరణన్నవాడిని కాపాడడం అంటే అదీ.

పెన్‌డ్రైవ్ పెడితే విడిగా డ్రైవర్ అడగకపోవడం, జిప్ ఫోల్డర్లు, మూవీ మేకర్, స్పైడర్ సాలిటైర్ వంటి చిన్నాచితకా మేళ్లు చాలా ఉన్నాయి. ఏకరువు పెట్టను.

ఇవన్నీ మా మేనల్లుడికి చెప్పాను. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అంతా విని, “మామయ్యా, లోపల ఏముందో చూడనివ్వదు. నువ్వు మార్చిన సిస్టమ్ ఫైళ్లను నీకు చెప్పకుండా మళ్లీ పాతవాటితో నింపుతుంది. అప్‌డేట్లు దానంతట అదే తెచ్చుకుంటుంది. అలాంటిదాన్ని ఎవరు భరిస్తారు?” అన్నాడు. అంటుండగానే బల్ల మీద వాడి ఫోను తనంతట తాను ఆరిపోయి, కొత్త అప్‌డేట్ ఎక్కించుకుని, పది నిమిషాల తర్వాత కొత్త ముఖంతో లేచింది. గుర్తులన్నీ చోటు మారాయి. బ్యాటరీ తీద్దామంటే మూత లేదు.

“ఇదేమిట్రా?” అన్నాను.

“ఇది సెక్యూరిటీ మామయ్యా,” అన్నాడు.

ఇక 2006లో పీసీ వరల్డ్ పత్రిక ‘మీ’కి అన్ని కాలాల్లోనూ అతి చెత్త సాంకేతిక సరుకుల్లో నాలుగో స్థానం ఇచ్చి, ‘మిస్టేక్ ఎడిషన్’ అని వెక్కిరించింది. మూడో స్థానం సాఫ్ట్‌ర్యామ్‌ది. అది మెమరీని రెట్టింపు చేస్తానని చెప్పి డబ్బు తీసుకుని ఏమీ చేయని సాఫ్ట్‌వేర్. అంటే ఏమీ చేయనిదాని పక్కనే, ఎంతో కొంత చేసినదానికి పీట వేశారు. అదే ఏడాది జూలై 11న కంపెనీ కూడా ‘మీ’కి సేవలు ఆపేసింది. పదవీ విరమణ చేసిన ఏడాదే ఇంత సత్కారం!

ఒక్క లోటు మాత్రం ఒప్పుకోవాలి. దానికి తెలుగు రాదు. విండోస్‌లో యూనికోడ్ తెలుగు రాయాలంటే ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు రావలసి వచ్చింది. పేరు మాత్రం అచ్చ తెలుగు, లోపల అక్షరం ముక్క లేదు. అయినా ఈ కారణంతో సన్మానాలు ఆపుకుంటే మన సభల్లో సగం వేదికలు ఖాళీగా ఉంటాయి.

అందుకని నేనే పూనుకున్నాను. ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లి ‘విండోస్ మీకి రజతోత్సవ శుభాకాంక్షలు’ అని కాగితం మీద రాసిచ్చాను. సాయంత్రం ప్రూఫ్ చూపించారు. కుర్రవాడు చదువుకున్నవాడు, నా తప్పు దిద్ది ‘విండోస్, మీకు రజతోత్సవ శుభాకాంక్షలు’ అని కొట్టాడు. చుట్టూ బంతిపూల అంచు కూడా పెట్టాడు.

“విండోస్ గారి ఫొటో ఒకటి ఇస్తే మధ్యలో వేసేస్తానండీ,” అన్నాడు.