స్క్రిప్టని మా పెద్దమ్మకు తెలియదా?

మా బంధువుల గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డ్: "రియాలిటీ షోలన్నీ స్క్రిప్టే. కొట్లాటలకు డైలాగులు ముందే రాసిస్తారు. ఓటింగ్ ఉత్తుత్తిదే. విదేశాల నుంచి దిగిన ఈ జబ్బును నిజమని నమ్మి చూసేవాళ్లు పిచ్చోళ్లు." దీనికి బోలెడు దండాలు పడ్డాయి. ఒక్కో మాటే చూద్దాం.

డైలాగులు రాసిస్తారట. అంత శ్రమ దేనికి? బిగ్ బాస్ షోనే తీసుకోండి: ఆ ఇంట్లో ఫోన్ ఉండదు, గడియారం ఉండదు, రేషన్ కొలిచి ఇస్తారు. నామినేషన్ రోజు, అంటే ఎవర్ని ఇంటి నుంచి పంపాలో చెప్పే రోజు, తోటివాళ్ల పేరు, కారణం మొహం మీదే చెప్పాలి. ఆ రాత్రి అదే మనిషి వండిన పప్పు తినాలి. మన ఉమ్మడి కుటుంబాల్లో ఇంతకంటే తక్కువ సరుకుతోనే పదేళ్ల పగలు పుట్టాయి.

అసలు పనితనం ఎడిటింగ్ గదిలో ఉంది. కెమెరాలు రోజంతా తిరుగుతాయి, మనకు దక్కేది ఓ గంట. ఒకరి మాట వెనకాల ఇంకొకరి ముఖం అతికిస్తే చాలు, గొడవ తయారు. ఆ ముఖం పొద్దున కాఫీ చేదుగా ఉందని చిట్లించింది కూడా కావచ్చు! ప్రోమోలో అయితే ఇల్లు తగలబడుతుంది, రాత్రి ఎపిసోడ్ చూస్తే అరనిమిషం గొణుగుడు. 2022లో ఓటీటీలో బిగ్ బాస్ నాన్‌స్టాప్ పేరుతో 24 గంటల ప్రసారం పెట్టారు. కత్తెర పడని రోజు ఎంత చప్పగా ఉంటుందో అప్పుడు తెలిసింది: వంట, నిద్ర, చీపురు ఎవరు పట్టాలన్న చర్చ. కల్పన ఉందంటే ఒప్పుకుంటాను, దాన్ని కాగితం మీద వెతక్కండి.

ఓటింగ్ సంగతికొస్తే, ఎవరికెన్ని ఓట్లో అంకెలు చెప్పరు. అక్కడ అనుమానం న్యాయమే. అయితే ఫార్వర్డ్‌లో అనుమానం తప్ప రుజువు లేదు.

విదేశీ జబ్బా? బిగ్ బాస్ ఫార్మాట్ 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టింది, తెలుగుకు 2017లో వచ్చింది. రుచి మాత్రం పాతదే. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే, తెర వెనక బొమ్మలాడించేది ఎవరో తెలిసే మన తాతలు నవ్వారు. సురభి నాటకంలో బాణాలు గాల్లో ఢీకొంటే తీగ కనిపించినా చప్పట్లు కొడతాం.

ఇక "పిచ్చోళ్లు" అన్న మాట. నాకు మండింది ఇక్కడే. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఈ షో చూస్తుంది. ఓసారి ఒకతను వెక్కివెక్కి ఏడుస్తుంటే నేను కరిగిపోయాను. "నిజంగా ఏడిస్తే ముక్కు కూడా కారుతుంది కదరా. వీడికి కళ్లొక్కటే తడిశాయి" అంది. పది నిమిషాలకు అతనే, గిన్నెలు తోమే వంతు దగ్గర ఎవరో ఏదో అంటే, మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. "ఇదిగో, ఇది నిజం" అని వేలు చూపించింది. ఈ పట్టుకోవడం కోసమే ఆవిడ చూసేది. మర్నాడు పక్క ఫ్లాట్ పిన్నితో దానిమీద గంట వాదన.

హద్దు దాటినవాళ్లూ ఉన్నారు. 2023 డిసెంబరులో బిగ్ బాస్ ఫైనల్ రాత్రి, ఆ షో తీసే అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానుల గుంపు కార్ల అద్దాలు, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టింది. ఆ వార్త చూసి పెద్దమ్మ అడిగింది: "బస్సులో కూర్చున్నవాళ్లు ఎవర్ని నామినేట్ చేశారురా?"